బల్గేరియా బొమ్మలకు దిష్టి

అమెరికాలో మేముండే క్యారీ నుంచి గంటన్నర డ్రైవ్ చేస్తే వచ్చే ఒక చిన్న ఊరి మ్యూజియంలో శనివారాలు నేను వాలంటీర్‌ని. అప్పటిదాకా అక్కడున్నవల్లా తుప్పు పట్టిన నాగళ్లు, పొగాకు దొరల పాత ఫొటోలు. అలాంటి చోటికి ఒక బల్గేరియా ఆవిడ, పోయిన భర్త జీవితమంతా పోగుచేసిన తమ దేశపు ఆధునిక చిత్రాలన్నీ ఇస్తానంది. ఆ మాట విన్న రోజు నాకు కాళ్లు నేలమీద ఆనలేదు.

"మనింట్లో ఏనాడైనా డస్టింగ్ చేశావా?" అన్నారు మా ఆయన. చేయలేదు. అక్కడి ఫ్రేములను మాత్రం పసిపిల్లల్ని తుడిచినట్టు తుడిచాను.

ఒకటే బెంగ. ఆవిడ ఇంకా దానపత్రం మీద సంతకం పెట్టలేదు. బొమ్మలు గోడలకెక్కాక చూసి పెడతానంది.

ప్రారంభం రోజు ఊరంతా వచ్చింది. ఆడవాళ్లు పొగాకు ఆకులను దండలుగా గుచ్చుతున్న పెద్ద చిత్రం ముందు నుంచి ముసలివాళ్లు కదిలితే ఒట్టు. "మా అమ్మ చేసిన పనే ఇది, ఎంత బాగుందో!" అని ఒకటే పొగడ్తలు. అది విని బల్గేరియా ఆవిడ గబగబా వచ్చి, బొమ్మవైపు వంగి "పు, పు, పు" అంది. పక్క బొమ్మ దగ్గరికి వెళ్లి మళ్లీ అదే.

మ్యూజియం డైరెక్టర్ ముఖం పాలిపోయింది. "ఉమ్మేస్తోంది! మనం పెట్టిన తీరు నచ్చలేదు. బొమ్మలు తిరిగి పంపించేస్తామని మర్యాదగా చెప్పేస్తాను" అంటూ కదిలాడు. గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. మా ఆఫీసులో అయితే ఇలా చెయ్యి పట్టుకున్నందుకు విషయం హెచ్ఆర్ దాకా వెళ్లేది.

"ఉమ్మడం లేదండీ, ఒక్క చుక్క పడిందేమో చూడండి. దిష్టి తీస్తోంది. ఇంతమంది మెచ్చుకుంటే బొమ్మలకు దిష్టి తగులుతుందని ఆవిడ భయం. మా నాయనమ్మ నాకూ ఇలాగే తీసేది."

ఆయనకు నమ్మకం కుదరలేదు. ఇక లాభం లేదని నేనే వెళ్లి, ఆవిడ పక్కన నిలబడి "థూ, థూ, థూ" అన్నాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మా ఆయన పోయాక వీటికి ఈ పని చేసేది నేనొక్కదాన్నే. నా తర్వాత ఎవరు చేస్తారోననే సంతకం పెట్టలేకపోయాను" అంది.

డైరెక్టర్ ఆ మాట విన్నాడు. టై చేత్తో పట్టుకుని, వంగి, ఊరందరి ముందూ ఎర్రబడ్డ ముఖంతో "పు, పు, పు" అన్నాడు. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, "ఆ కాగితం తీసుకురండి" అంది.