మా మేనత్త సహనమూర్తి కాదు

మా మేనత్త పోయింది. పోయిన వారం పొద్దున్నే దవాఖానా నుంచి బాపు ఫోన్ చేసి, "అత్తమ్మ లేదు బిడ్డా" అని పెట్టేశాడు. ఏళ్ల తరబడి పీల్చిన నూలు దుమ్ము చివరికి ఆమె ఊపిరినే మింగింది. నేను మగ్గం దిగి చెప్పులు వేసుకునేలోపే గల్లీ అంతా తెలిసిపోయింది.

మాది వరంగల్‌లో జంపఖానాలు నేసే ఇల్లు. మాకు నూలిచ్చి, నేసింది తీసుకుపోయే సేటు సాయంత్రానికి పూలదండతో వచ్చాడు. "సాధు మనిషి. ఒక్కనాడు ఎదురు మాట్లాడలే" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. మర్నాడు ఫ్లెక్సీ కూడా కొట్టించి పంపాడు. అత్తమ్మ ఫోటో కింద పెద్ద అక్షరాలతో 'సహనమూర్తి' అని ఉంది. పక్కనే దండం పెడుతూ సేటు.

నేను దాన్ని కట్టనివ్వలేదు. చుట్టి వెనక్కి పంపాను.

"ఆయనతోటి మనకెందుకే, నూలు బందు జేస్తడు" అన్నాడు బాపు. అప్పటినుంచి నాతో మాట్లాడడం లేదు. బందు చేస్తే చేయనీ. చచ్చిపోయిన మనిషి మీద అబద్ధం అచ్చేసి గల్లీ మొగదల కడతామంటే ఊరుకోవాలా? చదివేవాళ్లు మీరే చెప్పండి.

అత్తమ్మది గుంట మగ్గం. కాళ్లు గుంటలో ఉంటాయి, మనిషి నేల మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఎవరొచ్చినా లేచేది కాదు. "కూసొని మాట్లాడు, నా కాళ్లు పనిలున్నయ్" అనేది. అంత సేటూ ప్యాంటు పైకి లాక్కుని గొంతుక్కూర్చోవలసి వచ్చేది. ఒకసారి ఆయన నేత పలచగా ఉందని జంపఖానాను పక్కకు తోశాడు. ఆమె చేయి ఆపకుండానే, "నూలు నీది, నేత నాది. ఒక పోగు గుంజి సూడు, ఎవలది పలచనో తెలుస్తది" అంది. ఇది ఎదురు మాట్లాడడం కాదా? సేటుకు గుర్తులేదట. నాకుంది.

నన్ను బడి మాన్పించాక, సరుకు చుట్టి వచ్చిన పాత పేపర్లు నా ముందు పడేసేది ఆమే. "సదువు పోరీ, ఊకె కూసుంటె నాకు నిద్రొస్తాంది." ఈ నాలుగు ముక్కలు రాయడం నాకు అలా వచ్చింది.

మమ్మల్ని సముద్రానికి తీసుకుపోయింది కూడా ఆమే. ఒకసారి విశాఖ దగ్గర భీమిలిలో పడవ మాట్లాడుకుని చేపలు పట్టాలని పట్టుబట్టింది.

"చేపలు గావాల్నంటె మార్కెట్ల దొర్కయా అక్కా?" అని గొణిగాడు బాపు.

"తినేటందుకు గాదు తమ్మీ, ఆటకు. మనకు ఆట వద్దా?"

అమ్మ, బాపు, అత్తమ్మ, నేను. అమ్మ పడవ అంచు పట్టుకుని కళ్లు మూసుకుంది. ఒడ్డు ఇంకా కనిపిస్తుండగానే, అలలు నెమ్మదిగా ఉన్నచోట పడవాయన ఇంజను ఆపాడు. గాలాలకు రొయ్య ముక్కలు గుచ్చి, మా చేతులకు నైలాన్ దారాలిచ్చాడు.

మొదట బాపు దారం బిగిసింది. బిగియగానే వదులు చేశాడు. చేప పోయింది. తర్వాత నాది. నేనూ అంతే. మగ్గం మీద పోగు మరీ బిగిస్తే తెగుతుంది. తెగకముందే చేయి దానంతట అదే సడలుతుంది. అది మా చేతులకు పట్టిన అలవాటు.

"ఏటండీ, సేపలకి దారం పంచిపెడతన్నారేటి?" అని నవ్వాడు పడవాయన.

అప్పుడు అత్తమ్మ దారం బిగిసింది. చూపుడు వేలు కోసుకుపోతోంది.

"వదులక్కా, తెగుతది" అన్నాడు బాపు.

"తెగనీ తమ్మీ. ఇది సేటు దారం గాదు."

పడవ ఆమె వైపు ఒరిగింది. అమ్మ దేవుళ్లందరినీ పిలుస్తోంది. అత్తమ్మ మోకాలు చెక్కకు ఆనించి, పళ్లు బిగబట్టి, చేయి మార్చి చేయి వేస్తూ లాగింది. నా మోచేతి పొడవున్న పార చేప పడవలో పడి టపటపా కొట్టుకుంది. బాపు వచ్చి ఆమె చేయి తన చేతిలోకి తీసుకుని, సీసాలోని నీళ్లు వేలి మీద పోసి, తన కర్చీఫ్ చుట్టాడు.

"నొస్తాందా అక్కా?"

"నొస్తాంది. గాలానికి ఎర పెట్టు."

కర్చీఫ్ చుట్టిన ఆ వేలి మీదుగా దారం మళ్లీ పచ్చటి నీళ్లలోకి దిగుతోంది. కర్చీఫ్ ఎర్రబడుతోంది. ఆమె చూపు నీళ్ల మీదే ఉంది.