రెండుసార్లు కొట్టిన లైటు నంబరు

పిల్లలూ, గోదావరిఖనిలో తాత పోయిన రోజు వానలకు రైళ్లు ఆగి మీరు పుణెలోనే ఉండిపోయారు. కంప్యూటర్‌లో చివరిచూపు చూపిద్దామంటే, ముందురోజు అప్‌డేట్ అయినప్పటి నుంచి దానికి వైఫై అందడం లేదు. నేను ఏడుపు కూడా రాక గోడకు ఆనుకుని కూర్చున్నాను.

“వైఫైకున్న పాత రకం తాళాన్ని ఈ కంప్యూటర్ ఒప్పుకుంటలేదు అత్తా. కొత్త రకం పెడుతున్న. పాస్‌వర్డుకు ఎనిమిది అంకెలు చెప్పు,” అన్నాడు పక్క క్వార్టర్ రాజయ్య.

“జల్ది కానియ్ రా, పొద్దు గుంకుతాంది, పాడె ఎత్తాలె,” అన్నారు బయటున్నవాళ్లు.

“మీ మామ లైటు నంబరు రెండుసార్లు కొట్టు,” అన్నాను.

తాత గనిలోకి దిగేటప్పుడు టోపీకి పెట్టుకునే దీపం నంబరది. గనిలో ప్రమాదమని తెలిసినప్పుడల్లా ఆ నాలుగంకెల నంబరు దీపం పైకొచ్చిందా అని గేటు దగ్గర అడిగేదాన్ని.

తెర మీదికి మీరొచ్చారు, తాతను చూశారు. ఇక ఆ నంబరు గురించి ఎవరినీ అడిగే పని లేదు. నాకు తోచింది అంతే.