గోడ మీది రింగు

బాస్కెట్‌బాల్ గురించి నాకు చాలా అభిప్రాయాలున్నాయి. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పడం మా రాయచోటి వాళ్ళకు అలవాటే కాబట్టి చెబుతున్నాను.

నేను కువైట్‌లో ఇంటి డ్రైవర్ని. ఇంటి డ్రైవరు పని కారు నడపడమని చాలామంది అనుకుంటారు. కాదు. కారులో కూర్చుని ఎదురుచూడడం. బడి దగ్గర చూస్తాను, ఆసుపత్రి దగ్గర చూస్తాను, ఫహాహీల్ బజారులో బట్టల కొట్ల ముందు చూస్తాను. ఆ సమయంలో కొందరు డ్రైవర్లు నిద్రపోతారు, కొందరు ఇంటికి ఫోన్ చేసి పోట్లాడతారు. పక్కింటి ఫిలిప్పీన్స్ డ్రైవరు మాత్రం ఫోన్‌లో బాస్కెట్‌బాల్ చూసేవాడు. వాడి భుజం మీదుగా చూసి చూసి నాకూ అంటుకుంది. తామరలాంటిది, గోకినకొద్దీ ఎక్కువవుతుంది.

ముందు అమెరికా పెద్ద లీగు సంగతి. అందరూ దూరం నుంచి విసిరేవాళ్ళే. గీత అవతల నిలబడి వేస్తే మూడు పాయింట్లు వస్తుంటే, చెమటోడ్చి రింగు దాకా వెళ్ళే ఓపిక ఎవరికుంటుంది? పైగా పెద్ద పెద్ద ఆటగాళ్ళు మధ్యలో విశ్రాంతి తీసుకుంటారు. దెబ్బ తగల్లేదు, జ్వరం లేదు, ఊరికే ముందుజాగ్రత్త. ఈ మాట నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, మా కఫీల్‌తో ఒకసారి అని చూడాలని ఉంది. 'బాబా, ఈ రోజు నాకు ఒంట్లో బాగానే ఉంది, అందుకని బండి తీయను' అని.

కాలేజీ ఆట నయం. మార్చి నెలలో ఒక్క ఆట ఓడితే ఇంటికే అనే పోటీ ఒకటి పెడతారు. అందులో ఓడిన పిల్లలు నిజంగా ఏడుస్తారు. కానీ ఇప్పుడు వాళ్ళకి కూడా ఏడాదికో కాలేజీ. ఇది నచ్చకపోతే అది. ఇక్కడ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారాలంటే కఫీల్ రిలీజ్ ఇవ్వాలి, ఇక్కడ ఉండనిచ్చే కార్డు, అదే ఇఖామా, మారాలి, అన్నిటికీ ముందు ఆయన మనసు బాగుండాలి. మరి ఆ పిల్లలకి రిలీజ్ ఎవరిస్తారని ఫిలిప్పీన్స్ డ్రైవర్ని అడిగాను. ఎవరూ ఇవ్వనక్కర్లేదన్నాడు. కోచ్ ఊరుకుంటాడా అన్నాను. ఊరుకోక ఏం చేస్తాడన్నాడు. జేబులోంచి నా ఇఖామా తీసి గడువు తేదీ ఒకసారి చూసుకున్నాను.

ఇక హైస్కూలు. మీసాలైనా సరిగ్గా రాని పిల్లలకి దేశం మొత్తం మీద ర్యాంకులిస్తారు. మా వైపు కోచింగ్ సెంటర్లు కూడా ఇంత తొందరపడవు.

నాకు అందరికంటే ఇష్టమైన ప్లేయరు ఆ ర్యాంకుల్లో ఎక్కడా లేదు. ఆ పిల్ల మా కఫీల్ కూతురు. బడిలో ఆఖరి ఏడాది. బడి జట్టులో పేరుంది, కానీ ఆడే వంతు రాక ఏడాదంతా బల్ల మీదే కూర్చుంది. ఆ సంగతి కూడా నాకు చెప్పుడు మాటే. ఆ బడిలో ఆడపిల్లల ఆట జరిగేటప్పుడు మగవాళ్ళని లోపలికి రానివ్వరు, ఫోటోలు తీయనివ్వరు. కన్నతండ్రినే ఆపేవాళ్ళకి డ్రైవరొక లెక్కా! అమెరికాలో ఊరూపేరూ తెలియని కాలేజీ ఆటలన్నీ చూశాను. ఈ పిల్ల మ్యాచ్ ఒక్కటీ చూడలేదు.

నేను చూసిందల్లా ఇంటి దగ్గర. కార్ల షెడ్డు పక్క గోడకి రింగు బిగించింది నేనే. రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆ పిల్ల బంతి వేస్తుంది, నేను రింగు కింద నిలబడి అందుకుని తిరిగి విసురుతాను. అవతలివాళ్ళు తప్పు చేసినప్పుడు గీత దగ్గర ఒంటరిగా నిలబడి, ఎవరూ అడ్డురాకుండా వేసే బంతిని ఫ్రీ త్రో అంటారు. వరుసగా రెండు ఫ్రీ త్రోలు పడితేనే లోపలికి వెళ్ళాలని మేమిద్దరం నియమం పెట్టుకున్నాం. రోజంతా నన్ను అందరూ యల్లా యల్లా అని తరుముతారు. ఆ కాసేపు మాత్రం యల్లా అనేది నేను. ఆ కాసేపంటే నాకు ప్రాణం. ఇంకెలా చెప్పాలో తెలియదు.

బడుల పోటీ ఫైనల్ రోజు పొద్దున ఆ పిల్ల తల్లి, అంటే మా మామా (ఇక్కడ ఇంటి యజమానురాలిని అలాగే పిలవాలి), నన్ను షెడ్డు దగ్గరికి పిలిచింది. "బల్ల మీద కూర్చోడానికి ఇంత చెమట దేనికి? ఈ రోజు కూడా ఆడించకపోతే ఖలాస్. రింగు తీసెయ్. రేపటి నుంచి సాయంత్రాలు ట్యూషన్" అంది. నిచ్చెన తెచ్చి సిద్ధంగా ఉంచమంది. తెచ్చి గోడకి ఆనించి, బండి తీశాను.

బడి లోపలికి పాపతో మామా వెళ్ళింది, సంచి మోస్తూ మా ఇంట్లో వంటచేసే చెల్లెమ్మ వెళ్ళింది. ఆవిడది కోనసీమ. మామా ముందు వరసలో కూర్చుంటుంది కాబట్టి, చెల్లెమ్మ చివరి వరస నుంచి నాకు ఫోన్‌లో ఆట చెప్పాలని ముందే ఒప్పందం. మనవాళ్ళు తెల్ల బట్టలు, అవతలివాళ్ళు ఎర్ర బట్టలు అని దారిలోనే పాఠం చెప్పాను.

"అన్నయ్యగారూ, మొదలెట్టేశారండి. అటూ ఇటూ తెగ పరిగెడతన్నారండి."

"బంతి ఎవురికాడ ఉండాదమ్మా?"

"అందరికాడా ఉందండి."

"మన పాప యాడుంది?"

"బల్ల మీదే కూకుందండి. రిబ్బను నేనే కట్టానండి, అసలు కదల్లేదు."

అమెరికాలో ఒక్క ఆటకి ముగ్గురు మాట్లాడతారు. ముగ్గురూ కలిసి కూడా ఇంత స్పష్టంగా చెప్పలేరు. ఆట సగం దాటింది. పాప బల్ల మీదే ఉంది. ముప్పావు దాటింది. పాప బల్ల మీదే ఉంది. నా కళ్ళ ముందు నిచ్చెన కనిపిస్తోంది.

"అయ్యయ్యో! కాలు మడతడిపోయిందండి!"

"ఎవురికి?"

"మనోళ్ళలో పొడుగు పిల్లకండి. పాపం, మోసుకెళ్తన్నారు. అన్నయ్యగారూ! మన పాప లేచిందండి! లోనకెళ్ళిందండి!"

కారు దిగాను. ఎందుకు దిగానో తెలియదు, అక్కడ కనిపించేది బడి గోడ ఒక్కటే. స్కోరెంతని అడిగితే ఎర్రవాళ్ళకి ఒకటి ఎక్కువ, గడియారంలో అంకెలు అయిపోవస్తున్నాయి అంది. అంతలో "ఓలమ్మో!" అని కేక. ఎర్ర బట్టల పిల్ల మన పాపని గుద్దేసిందట, పాప కిందపడి లేచిందట. ఇప్పుడు అందరినీ పక్కకి నిలబెట్టి, పాపని ఒక్కదాన్నే గీత దగ్గర నిలబెట్టి బంతి ఇచ్చారట.

రెండు ఫ్రీ త్రోలు.

"చెల్లెమ్మా, ఇంగ రెప్ప కొట్టొద్దు. బంతి పడిందా లేదా, అంతే చెప్పు."

"ఆయ్" అంది. ఆ వెంటనే, "ప్రభువా, పరలోకమందున్న తండ్రీ, ఈ బిడ్డ చేతిని నీ చేత్తో పట్టుకో నాయనా..." అని అందుకుంది.

లోపల గోల లేచింది. పడినందుకా, పోయినందుకా? గోల గోలే, దానికి రంగుండదు.

"ఏమైందమ్మా?"

"...నీ కృప చొప్పున నడిపించు తండ్రీ..."

మళ్ళీ గోల.

"ఏమైంది తల్లీ, చెప్పు!"

"ఆమేన్. ప్రార్థన చేశానండి."

"బంతి! బంతి ఏమైంది?"

"కళ్ళు మూసుకున్నానండి. కళ్ళు తెరుచుకుని ప్రార్థన ఎలా చేత్తారండి?"

నేను కూడా బానెట్ మీద రెండు చేతులూ ఆనించి యా అల్లా అంటూనే ఉన్నాను. బానెట్ కాలుతోందని తర్వాత తెలిసింది.

"ఇప్పుడేం చేస్తాండారు?"

"ఎర్ర బట్టలోళ్ళు గెంతుతన్నారండి. మన పాప అక్కడే నిలబడుందండి."

అందరూ వచ్చి బండెక్కారు. ఇల్లు దగ్గరపడ్డాక మామా అంది, "ఆడించారు, సరే. రెండు వేశావు. రెండూ పోయాయి. దీనికోసమా ఆ రింగు?" పాప కిటికీలోంచి సముద్రం వైపు చూస్తోంది. కోట్లు తీసుకునేవాళ్ళు కూడా ఫ్రీ త్రోలు పోగొడతారని, నేను నా కళ్ళతో చూశానని చెప్పాలనిపించింది. అభిప్రాయాలకి నాకు లోటు లేదు, కానీ బండిలో నా సీటు ముందుది. ఏసీ కొంచెం పెంచి ఊరుకున్నాను.

ఇంటి దగ్గర గోడకి నిచ్చెన నేను ఆనించినట్టే ఉంది. పాప దాన్ని చూసింది. లోపలికి వెళ్ళకుండా సంచిలోంచి బంతి తీసి, అరబ్బీ, ఇంగ్లీషు కలిపి నాతో అంది, "నువ్వు చూడలేదుగా. ఇప్పుడు చూడు. నువ్వే ఆ ఎర్ర పిల్లవి. ఇక్కడ నిలబడు."

నిలబడ్డాను. అటు చివరి నుంచి పరిగెత్తుకొచ్చి నా పొట్టలో భుజంతో ఒక్క గుద్దు గుద్ది, పలకల మీద పడింది. పిల్ల బాగా బలంగా ఉంది. ఫౌల్ అని నేనే అరిచి, నా చెయ్యి నేనే ఎత్తాను. ఆ గోలకి చెల్లెమ్మ వంటింటి తలుపు దగ్గరికొచ్చింది.

"ఈసారన్నా కండ్లు తెరుచుకోని సూడమ్మా" అన్నాను.

మామా మెట్ల మీద ఆగిపోయింది. హ్యాండ్‌బ్యాగు భుజానే ఉంది. పాప గీత దగ్గర నిలబడి వేసింది. పోయింది. బంతి విసిరాను. ఒకటి పడింది, రెండోది రింగు చుట్టూ తిరిగి బయటికి పోయింది. మళ్ళీ మొదటికొచ్చాం. మళ్ళీ ఒకటి పడింది, ఒకటి పోయింది. పాప ఏడుస్తూనే వేస్తోంది, ముక్కు చేత్తో తుడుచుకుంటోంది, ఆపడం లేదు. మామా కదల్లేదు. నేను యల్లా అంటూ విసురుతూనే ఉన్నాను.

"పడిందండి! రెండూ పడ్డాయండి అన్నయ్యగారూ, వరసాగ్గా రెండు!" చెల్లెమ్మ పక్కనే నిలబడి, చేతిలో ఫోన్ లేకుండానే, ఫోన్‌లో అరిచినట్టు అరిచింది.

పాప మా నియమం ప్రకారం బంతి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. మామా మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి, "ఆ నిచ్చెన దారికడ్డంగా ఉంది, స్టోర్లో పెట్టెయ్" అంది.

పెట్టేశాను. తలుపు దగ్గరగా వేసుకుని కాసేపు ఏడ్చాను. ఒక ఇనప రింగు కోసం ఇంత వయసొచ్చి ఏడ్చినవాడు మా రాయచోటి మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.