తలకిందులైన గుండె గీత

మొన్న గుండె పరీక్షకు వెళ్ళాను. అక్కడి అమ్మాయి నా మణికట్టుకు చల్లని జెల్లీ రాయగానే ఒళ్ళు జలదరించింది. దాంతో పాటే ఒక పాత సిగ్గు గుర్తొచ్చింది. 1950ల చివర, డాక్టరు చదువు ముగించి చోడవరంలో ఒక ఆస్పత్రిలో కొత్తగా చేరిన రోజుల నాటిది. ఆ సిగ్గులోంచి నన్ను గట్టెక్కించిన మనిషి సత్యానందం గారు.

ఆయన మా సర్జను. యాభై దాటాయి, చెయ్యి చక్కగా తిరిగిన మనిషి. ఎవరో దాతలిచ్చిన గుండె పరీక్ష మిషను ఒకటి మాకుండేది. అందులోంచి వచ్చిన కాగితాలు చదవడానికి విశాఖపట్నం నుంచి ఒక కుర్ర డాక్టరు బుధవారం బుధవారం వచ్చేవాడు. కొడుకు వయసున్న ఆ అబ్బాయి పక్కన సత్యానందం గారు స్టూలు వేసుకుని కూర్చుని, "బాబూ, ఈ మెట్ట ఏటి? ఆ పల్లం ఎందుకొచ్చింది?" అని బడిపిల్లాడిలా అడుగుతుంటే నాకు నవ్వొచ్చేది. ఎవరి పని వారు చేస్తేనే అందం అనుకునే వయసు నాది. ఒకరోజు ఉండబట్టలేక, "కత్తి పట్టేవారికి ఈ గీతలెందుకు సార్?" అన్నాను.

"నేను కోసింది పేగే అనుకో. దాన్ని బతికించాల్సింది గుండె కాదేటమ్మా? బుధవారం దాకా ఆగమని రోగికి నువ్వు సెప్తావా?" అన్నారు. నాకు అప్పట్లో అదంతా చాదస్తంగానే తోచింది.

చెరుకు నరికే రోజులు. ఒక శుక్రవారం గోవాడ వైపు నుంచి ఒక రైతును బండిలో తెచ్చారు. గజ్జలోకి దిగిన పేగు అక్కడే ఇరుక్కుపోయింది. పొద్దుటి నుంచీ వాంతులు. వెంటనే ఆపరేషను చేయకపోతే పేగు కుళ్ళిపోతుంది. వయసు పైబడినవాడు కాబట్టి ముందు గుండె పరీక్ష తీయమన్నారు సత్యానందం గారు. తగుదునమ్మా అని తీగలు నేనే తగిలించాను. కాగితం చూస్తే మొదటి వరసలో గీతలన్నీ తలకిందులుగా ఉన్నాయి. నాలుగు బుధవారాలు పక్కనుంచి విన్న చదువు నాది. "గుండె బాగా దెబ్బతింది సార్. మత్తు తట్టుకోలేడు. విశాఖపట్నం పంపేద్దాం" అన్నాను. ఆ మాట విని అతని భార్య పైడమ్మ గోడకు జారబడిపోయింది. పంపితే దారిలోనే పేగు చచ్చిపోతుందని నాకూ తెలుసు.

సత్యానందం గారు కాగితం చేతిలోకి తీసుకున్నారు. తర్వాత రోగి ఎడమ రొమ్ము మీద చెయ్యి వేసి గుండె అక్కడే కొట్టుకుంటోందని చూసుకున్నారు. "ఛాతీ మీద తీసినవన్నీ శుభ్రంగా ఉన్నాయి. చేతుల దగ్గర తీసినవే తిరగబడ్డాయి. ఒక గుండె రెండు మాటలు సెప్పదు" అని నాకు మాత్రమే వినబడేలా అన్నారు. ఆ పైన గొంతు పెంచి, "కాగితం సరిగ్గా పడలేదమ్మా, మళ్ళీ తీస్తన్నాం" అని పైడమ్మతో చెప్పారు. నా వైపు తిరిగి, "ఎదురుగా నిలబడకు అమ్మాయ్. అతని పక్కకొచ్చి నిలబడు" అన్నారు.

పక్కకు వచ్చాక తెలిసింది. ఎదురుగా నిలబడి, నా కుడివైపున్న చెయ్యే అతని కుడిచెయ్యి అనుకుని తీగలు తారుమారు చేశాను. తీగలు మార్చి తగిలించాను. రెండోసారి తీస్తే గీతలన్నీ తిన్నగా వచ్చాయి. గంట తిరక్కుండా గజ్జ దగ్గర కోసి తెరిచారు. నల్లబడిన పేగు మీద వేడి ఉప్పునీటి గుడ్డ కప్పి చూస్తూ నిలబడ్డాం. మెల్లగా ఎరుపు తిరిగింది. ఆ ఎరుపు చూసి నేను మాస్కు వెనక ఏడ్చాను. సత్యానందం గారు చూసి కూడా చూడనట్టే కుట్లు వేసుకున్నారు.

ఇంటికి వెళ్ళే రోజు పైడమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "మా ఆయన గుండె ఒకసారి సూసి వదిలీనేదు డాక్టరమ్మా. రెండుసార్లు సూసేరు. మీ మేలు మరిసిపోను" అంది. సత్యానందం గారు ఆ పక్కనే ఉన్నారు. నేను ఊరుకుంటే అది అక్కడితో పోయేది. ఆయన నా పరువు కాపాడిన తీరు చూశాక నాకు ఊరుకోవడం చేతకాలేదు.

"మొదటిసారి నేనే తప్పు తీశానమ్మా. కనిపెట్టింది డాక్టరు గారు" అన్నాను.

పైడమ్మ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "సెప్పేవు కదా తల్లీ, అది సాలు" అని నా బుగ్గలు పుణికింది. సత్యానందం గారు ఆ తర్వాతి బుధవారం నుంచి నన్నూ తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

నేనూ సర్జన్‌నయ్యాను. గుండె కాగితం ఎవరిది వచ్చినా అది మా పని కాదని ఏనాడూ పక్కన పెట్టలేదు. నా వల్ల తప్పు జరిగిన రోజున రోగి మంచం దగ్గరికి వెళ్ళి నా నోటితో నేనే చెప్పుకున్నాను. ఎంత భయపడుతూ చెప్పినా, చెప్పకుండా మాత్రం ఇంటికి వెళ్ళలేదు.