ఇప్ప నూనె డబ్బా

జంపక్క మా వృద్ధాశ్రమంలో ఆయా. ఆశ్రమం పాల్వంచ ఊరి చివర ఉంది. ఇరవై ఇద్దరు ముసలివాళ్లు, ఇద్దరు ఆయాలు, నర్సును నేనొక్కదాన్నే. జంపక్క గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగితే రాసేదాన్ని కాదేమో.

ఆమెది అడవిలో చిన్న ఊరు. భర్త పోయాక బీడీలు చుట్టే తునికాకు కోసి, కూలికి పోయి బతికింది. మోకాళ్లు మొరాయించాక తొమ్మిదేళ్ల కింద ఇక్కడికి వచ్చింది. ఎంత బరువైన మనిషినైనా ఒంటిచేత్తో పక్కకు తిప్పుతుంది. ఎవరైనా పక్కలో దొడ్డికి పోయినా మొహం చిట్లించదు. నాకు అది ఇప్పటికీ చేతకాదు.

ఏటా ఊరి నుంచి ఒక డబ్బా ఇప్ప నూనె తెచ్చుకునేది. చలికాలంలో అది నెయ్యిలా పేరుకుంటుంది, వేళ్లతో తోడాల్సిందే. సాయంత్రం టీ అయ్యాక ఆ డబ్బాతో పడక పడకకూ వెళ్లి కాళ్లకూ నడుములకూ రాసేది. అందరికీ ఒకటే డబ్బా, ఒకటే చెయ్యి. జంపక్కను గ్లౌజులు వేసుకోమంటే, మంచం దిగలేని బద్రున్నీసా అనే ముసలామె ఒప్పుకునేది కాదు.

"రబ్బరు చేతులతోని ముట్టనీకి నేనేమన్న పీనుగునా?" అని కసిరేది.

పడకకూ పడకకూ మధ్య చేతులు కడుక్కోవాలని ఎర్ర స్కెచ్‌పెన్‌తో రాసి గోడకు అంటించింది నేనే. అందరినీ ముట్టుకున్న చెయ్యి డబ్బాలో పెడితే ప్రమాదమని తెలిసిందీ నాకే. ఒకసారి చెప్పాను కూడా.

"జంపక్కా, చెంచాతో తియ్యి. చెయ్యి పెట్టకు."

"మందుకు రోగమేంది సిస్టర్?" అని నవ్వింది.

నేనూ నవ్వాను. ఆ రోజు నాకు మెడ పట్టేసి ఉంది. అదే డబ్బాలోంచి తీసి నా మెడకు రాసింది. ప్రాణం లేచి వచ్చింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. సిగ్గులేని దాన్ని.

బద్రున్నీసాకు నడుము కింద పడక పుండు ఉండేది. నాలుగు నెలలు కట్టు కట్టగా కట్టగా పెసరగింజంత మిగిలింది. అది పూర్తిగా మానితే ఇంటికి పంపిస్తానన్నాడు డాక్టరు. మనవరాలు షబ్రీన్ అప్పటికే మెట్లు లేని ఇల్లు కిరాయికి తీసుకుంది. వచ్చే శుక్రవారం తీసుకుపోతానంది. ముసలామె ఆ శుక్రవారం కోసం రోజులు లెక్కపెట్టుకునేది.

అంతలో పోతయ్య అనే పెద్దమనిషి తుంటి ఆపరేషను అయి దవాఖానా నుంచి తిరిగొచ్చాడు. కుట్ల దగ్గర చీము పట్టి కట్టు తడిసేది. జంపక్క ఆయన తొడకు నూనె రాసింది. ఆ చేత్తోనే మళ్లీ డబ్బాలోంచి తీసి బద్రున్నీసా నడుముకు రాసింది. రోజూ చేసినట్టే చేసింది.

మంగళవారానికి పుండు ఎర్రబారింది. గురువారానికి చలిజ్వరం. శుక్రవారం ఆమెను అంబులెన్సులో ఎక్కించాం. "ఇంటికేనా?" అని అడిగింది. నేను దుప్పటి మెడదాకా కప్పాను. ఆరో రోజున చనిపోయింది.

ఇద్దరి చీమూ పరీక్షకు పంపిస్తే ఒకటే క్రిమి అని వచ్చింది. డాక్టరు ఇద్దరికీ ఏమేం వాడారని అడిగాడు. జంపక్క లోపలికి వెళ్లి డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. దాన్నీ పరీక్షకు పంపారు. అందులోనూ అదే ఉంది.

జంపక్క ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు. ఆ పూట పద్దెనిమిది పక్కబట్టలు మార్చాలి, మార్చాం. అన్నం తిన్నాం. ఏం కూర తిన్నామో గుర్తులేదు.

మర్నాడు షబ్రీన్ వాళ్ల నానీ బట్టల కోసం వచ్చింది. సంచి అందిస్తున్న జంపక్క చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది.

"నానీ ఫోన్ జేస్తే సాలు, మీ చేతుల ముచ్చటే. మీరు రాస్తేనే నిద్ర వడ్తదనేది."

జంపక్క చేతులు వెనక్కి తీసుకోలేదు.

"ఈ చేతుల తోటే అంటింది బిడ్డా," అంది. గొంతులో హెచ్చూతగ్గూ లేదు. "పోతయ్య చీము ముట్టుకొని కడుక్కోలే. గదే నూనె మీ నానీకి రాసిన."

షబ్రీన్ ఆ చేతుల వంక చూసింది. తర్వాత వదిలేసింది. నా వైపు తిరిగింది.

"మీరు జెప్పలేదా సిస్టర్?"

"చెప్పిన," అన్నాను.

ఒక్కసారి చెప్పాను, నవ్వాను, మెడ చాచాను. అందులో మొదటి ముక్కే నా నోట్లోంచి వచ్చింది. మిగతాది జంపక్కకు తెలుసు. ఆమె నన్ను చూసింది. తర్వాత షబ్రీన్‌తో అంది:

"అవ్ బిడ్డా. సిస్టర్ జెప్పింది. నేనే ఇనలే."