ఆకు పడ్డది

దేవ్‌సింగ్‌కు సంతోషం వస్తే మాట సగమే బయటికి వచ్చేది. మిగతా సగం చేతులతో చెప్పేవాడు. ఎదురుగా ఉన్నవాళ్లతో దానివల్ల ఇబ్బందేమీ లేదు గానీ, ఫోన్లో చేతులు కనపడవు కదా. ఎనభై ఆరో సంవత్సరం మే నెలలో ఆ అలవాటే అతని కొంప ముంచబోయింది.

పుట్టింది కల్లూరు దగ్గరి తండాలో. తాతలు ఎద్దుల మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగి అమ్మినవాళ్లు. ఆ తిరుగుడు కొడుకు రక్తంలోనే ఉందని తల్లి కమ్లి మురిసిపోయేది, ఇంటిపట్టున ఉండడని తిట్టేటప్పుడూ అదే మాట అనేది. పదో తరగతి గట్టెక్కాక ఖమ్మంలో వెంకటనారాయణ గారి హోల్‌సేల్ కొట్లో చేరాడు. గొడుగులు, టార్చిలైట్లు, రేడియోలు, కుక్కర్లు జిల్లాలోని చిల్లర కొట్లకు అక్కడి నుంచే వెళ్లేవి. ఊళ్లు తిరిగి ఆర్డర్లు తేవడం దేవ్‌సింగ్ పని.

నెల మొదటి రోజు ఆ కొట్లో పండగే. గుమాస్తాలు టీ గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరితే, పోయిన నెల ఎక్కడ ఏ సరుకు ఎలా పోయిందో దేవ్‌సింగ్ క్రికెట్ కామెంట్రీ లెక్కన చెప్పేవాడు.

"ముదిగొండల మిర్చి అమ్మిండ్రు, రేడియోలు ఎగిరిపోయినయ్! ఖానాపురం హవేలీల జీతాలొచ్చినయ్, కుక్కర్ల కాడ కొట్లాటలు! కొత్తగూడెం సల్లగున్నది, బొగ్గుబాయిల బోనస్ వచ్చేదాంక గంతే!"

ఒక్కో ఊరు ఒక్కో నెలలో కళ్లు తెరుస్తుందని, ఆ నెలను పట్టుకున్నవాడే వ్యాపారి అని అతని నమ్మకం. నమ్మకం కాదు, పిచ్చి.

వెంకటనారాయణ గారు మంచివారే. గుంటూరు వైపు నుంచి వచ్చి ఖమ్మంలో స్థిరపడిన పొగాకు రైతుల కుటుంబం. అయితే భద్రాచలం దాటిన అడవి ఊళ్లను, అంటే ఏజెన్సీ లైనును, తలుచుకుంటేనే ఆయనకు ముఖం ముడుచుకుపోయేది.

"ఏడాది పొడుగునా డీజిల్ తాగడమే గానీ ఆ లైన్లో అమ్మకం ఏదయ్యా? జూన్‌తో ఎత్తేద్దాం" అన్నారు ఏప్రిల్‌లో.

"మే నెల చూసినంక ఎత్తెయ్యండి సార్. అడివిల మే నెలనే దీపావళి."

"మేలో మనమే గల్లాపెట్టె ముందు ఈగలు తోలుకుంటున్నాం. అడవిలో ఎవడు కొంటాడయ్యా?"

కొంటారు. బీడీలు చుట్టే తునికాకు కోసేది ఆ ఎండల్లోనే, అడవి మనిషి చేతిలో రొక్కం ఆడేది అప్పుడే. వానలు పట్టాయంటే వాగులు పొంగి దారులు మూసుకుంటాయి. అందుకని వానకు కావలసినవన్నీ మండుటెండలోనే కొని పెట్టుకోవాలి. ఇదేమీ దేవ్‌సింగ్ కనిపెట్టిన బ్రహ్మవిద్య కాదు, అక్కడ పిల్లాపాపలకు కూడా తెలిసిన సంగతి. అతను చేసిందల్లా దాన్ని నెత్తికెక్కించుకోవడం.

చర్ల సంతలో నిలబడి అందరూ వినేట్టు మాటిచ్చేశాడు. "వచ్చే సంతకు లారీ నిండ గొడుగులు తెస్తా. అందాంక ఎవరి కాడ కొనకుండ్రి!"

జంపక్క అనే కోయ ముసలావిడ నడుం మీద చేయి వేసుకుని అడిగింది. "రాకపోతివంటే?"

"రాకపోతే ఈ సంతల మల్ల నా మొఖం చూపియ్య."

ఆ మాట ఆవేశంలో అన్నాడే గానీ, దాని బరువు తర్వాత తెలిసింది. లైను పోతే ఇంకో లైను దొరుకుతుంది, మాట పోతే ఆ ఊళ్లలో తిరిగేదెట్లా? సంత ఇంక రేపనగా, ఆకు డబ్బు చేతుల్లో పడటం మొదలైందని ఆకు కట్టలు కొనే కల్లం దగ్గర వినగానే భద్రాచలం పరుగెత్తి ట్రంకాల్ బుక్ చేశాడు. లైను కలిసింది. సంతోషం గొంతుదాకా వచ్చింది. మాట, మామూలుగానే, సగం వచ్చింది.

"సార్! ఆకు పడ్డది! మస్తు పడ్డది! జల్దీ లారీ పంపుండ్రి!"

లైను కట్ అయింది. పని అయిపోయిందనుకుని దేవ్‌సింగ్ ఈల వేసుకుంటూ వెళ్లి రెండు ప్లేట్ల మిరపకాయ బజ్జీలు తిన్నాడు.

అవతల ఖమ్మంలో వెంకటనారాయణ గారు ఫోన్ పెట్టేసి కూలబడ్డారు. పైసలు పడ్డాయంటే చేతికి అందాయని, ఆకు పడ్డదంటే ఆకు పైసలు అందాయని దేవ్‌సింగ్ భాష. ఆయన పుట్టినచోట ఆకు అంటే పొగాకు, ఆకు పడిందంటే ధర కూలిందని. చిన్నతనంలో ఆ మాట విన్న ఏడాదే వాళ్ల నాన్న పొలం అమ్ముకున్నాడు. అడవిలోనూ ఆకు పడిందంటే ఇక కొనేదెవరు? లారీ తొందరగా పంపమన్నాడంటే, కొట్లకు ఇచ్చిన సరుకు మునగకముందే వెనక్కి తెచ్చుకోమనే కదా! కుర్రాడు బుద్ధిమంతుడని మెచ్చుకుని, డ్రైవర్ సీతయ్యను లేపి, ఖాళీ లారీలో తానే ఎక్కి చర్ల దారి పట్టారు.

సంత రోజు పొద్దుటి నుంచీ దేవ్‌సింగ్ రోడ్డు మీదే ఉన్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. లారీ జాడ లేదు. ఎవడో చిల్లర వ్యాపారి నాలుగు గొడుగులు విప్పి అరవడం మొదలుపెట్టాడు. జనం అటు జరుగుతున్నారు. ఇప్పచెట్టు కింద కూర్చున్న జంపక్క చేయి నడుం దగ్గరి డబ్బు ముడి మీదికి పోయింది. దేవ్‌సింగ్‌కు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు వినిపించింది హారన్!

లారీ దిగిన వెంకటనారాయణ గారి ముఖం చావింటికి పలకరింపుకు వచ్చినట్టుంది. "ఎంత పడిందయ్యా?"

"మస్తు పడ్డది సార్!"

"దానికి నవ్వెందుకయ్యా?"

"నవ్వక ఏం జేయాలె సార్? అందరి చేతుల్ల పైసలే! సరుకు తెచ్చిండ్రా?"

"తేవడమేంటి? వెనక్కి పట్టుకుపోదామని ఖాళీ లారీతో బయల్దేరాను."

దేవ్‌సింగ్ ఇప్పచెట్టు వైపు తిరిగి చూశాడు. వెనకాల తాడు విప్పుతున్న సీతయ్య గట్టిగా కసిరాడు. "ఏంది సార్ ఖాళీ? కొత్తగూడెం, పాల్వంచ కొట్లల్ల అమ్ముడుపోని సరుకంత ఎక్కిచ్చుకుంటనే వస్తిమి గదా! గొడుగులు, టార్చిలైట్లతోని కాలు పెట్ట సందు లేదు!"

పైన కప్పిన పట్టా లాగాడు. నల్లగా, అంచుదాకా, గొడుగులే గొడుగులు!

దేవ్‌సింగ్ ఎగిరి లారీ ఎక్కాడు. మొదటి గొడుగు జంపక్కకే. తర్వాత ఎవరికి ఎవరు ఇచ్చారో ఎవరికీ తెలియదు. గొడుగులు, టార్చిలైట్లు, రేడియోలు చేతుల మీదుగా సాగిపోయాయి. వెంకటనారాయణ గారు చొక్కా చేతులు మడిచి, తలపాగా చుట్టి, తానే అరుస్తూ అమ్మారు. చివరికి లారీ మీది పట్టా కూడా బేరమాడబోతే సీతయ్య కర్ర తీశాడు.

నీడలు సాగేవేళకు లారీ నిజంగానే ఖాళీ అయింది. ఏ ఆకు ఎక్కడ పడిందో అప్పుడు తెలిసి వెంకటనారాయణ గారు పొలమారేదాకా నవ్వారు.

"లైను ఉంటుందిలేవయ్యా, ఎక్కడికీ పోదు. కానీ దేవ్‌సింగూ, ఫోన్ మాత్రం ఇంకెవరిచేతనైనా చేయించు."

వాన లేకపోయినా గొడుగు విప్పుకుని నిలబడ్డ జంపక్క ఆ కథంతా విన్నది. బోసినోటితో నవ్వి, దేవ్‌సింగ్ నెత్తి మీదికి కూడా గొడుగు జరిపింది.

"ఆకు పడ్డదో, ఇంకేం పడ్డదో గని కొడుకా, నీ మాట నిలబడ్డది."