తోడల్లుడి ఓటు

మొన్న ఆదివారం తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ల సంఘం వాళ్లు, గేటు బయట ఇస్త్రీ బండి ఉంచాలా తీసెయ్యాలా అని ఫోన్‌లో ఓటు పెట్టారు. కాఫీ తాగేలోపే తీసెయ్యమని తేలిపోయింది. దాని గురించి ఎవరూ ఎవరితోనూ ఒక్క మాట అనుకోలేదు. నాకు మా తోడల్లుడు గుర్తొచ్చి ఆ పూటంతా ఏమీ తోచలేదు.

మాది తెనాలి వైపు, ఆయనది కరీంనగర్ వైపు. అక్కచెల్లెళ్లను చేసుకుని అప్పట్లో కొండాపూర్‌లో ఒకే వీధిలో కాపురాలు పెట్టాం. సెలవురోజు సాయంత్రాలు మా డాబా మీద పదిమందిమి చేరి, మనిషి తన కష్టం మీద తాను బతకడానికి సర్కారు అనుమతి ఎందుకనీ, ప్రభుత్వం జోక్యం ఎంత తగ్గితే జనానికి అంత మేలనీ వాదించుకునేవాళ్లం. స్వేచ్ఛావాదులమని మేము చెప్పుకుంటే, పనిలేనివాళ్ల సంఘమని మా ఆవిడ అనేది. అందరిలోకీ గట్టిగా మాట్లాడేది మా తోడల్లుడే. ఆ ఊపులోనే ఆయన్ని కార్పొరేటర్‌గా ఇండిపెండెంటుగా నిలబెట్టి ఇల్లిల్లూ తిరిగాం, ఎవరూ అనుకోకుండా గెలిచాడు.

కొన్నాళ్లకే ఐటీ ఆఫీసుల రోడ్డు మీద టిఫిన్ బండ్లన్నీ ఎత్తెయ్యాలని కార్పొరేషన్‌లో తీర్మానం వచ్చింది. ఆయన కాదంటాడనే మేమంతా ధీమాగా ఉన్నాం. ఆయన మాత్రం అక్కడి పెద్దలతో మాట్లాడుకుని, రోడ్డుకు ఒక పక్క బండ్లు గుర్తింపు కార్డులు తీసుకుని, రుసుము కట్టి ఉండేట్టూ, రెండో పక్కవి పోయేట్టూ ఒప్పించి, దానికి అనుకూలంగా చెయ్యెత్తి వచ్చాడు. ఆ ఆదివారం డాబా మీద ఒక్కొక్కరే ఆయన్ని అమ్ముడుపోయావన్నారు. ఆయన నావైపు తిరిగాడు.

"అన్నా, నేనొక్కన్ని కాదంటే ఆగుతదా? లారీ వచ్చి అన్ని ఎత్కపోతది. గిట్లయితే సగమన్న నిలబడ్తయి గద."

"నిలబడేవి సరేనయ్యా. పోయేవాళ్ల చోటు వదిలెయ్యడానికి నీకెవరిచ్చారు అధికారం?"

"ఓటేసినోళ్లు ఇచ్చిండ్రు. నువ్వు గూడ ఏసినవ్."

ఓటేసిన మాట నిజమే. అయినా ఆయన చేసింది ఒప్పని నాకనిపించలేదు. హక్కుగా ఉన్నదాన్ని దయగా మార్చి చేతిలో పెట్టినట్టయిందని ఇప్పటికీ అనుకుంటాను.

మా వీధిలోనే ఉంటూ ఆ రోడ్డు మీద మిరపకాయ బజ్జీలమ్మే ఆవిడది రెండో పక్క బండి. ఆవిడ ఆయన గుమ్మంలోకి వచ్చి, తిట్టకుండా, తనెటు పోవాలని మాత్రం అడిగిందట. పుప్పాలగూడలో ఆవిడకో చోటు దొరికేదాకా ఆయనే వెంట తిరిగాడని మా మరదలు చెప్పింది. డాబా మీదికి రావడం అందరూ మానేశారు. కార్పొరేషన్ పెద్దలకు ఆయన ఇంకా మొండివాడే, మావాళ్లకు లొంగిపోయినవాడు. పెళ్లిళ్లలో ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. నేను వెళ్లి కూర్చునేవాణ్ణి, భోజనాలకు పిలిచేదాకా మళ్లీ అదే వాదన. రెండోసారి ఎన్నికల్లో ఆయన నిలబడలేదు.

పోయినేడు దవాఖానలో, మాట సన్నగిల్లిపోయాక, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఇప్పుడన్న ఒప్పుకుంటవా అన్నా, నేను చేసింది?"

పక్కనున్న మా మరదలు ఒప్పుకోమన్నట్టు నావైపు చూసింది.

"ఒప్పుకోనయ్యా" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అదే ఆఖరు.

మా కాలంలో మాటా మాటా అనుకుని, ముఖాలు ఎర్రబడి, మళ్లీ ఒకే పళ్లెంలో పకోడీలు తిన్నాం. ఇప్పుడు నేనేమన్నా కుర్రాళ్లు మర్యాదగా "కరెక్టే అంకుల్" అని లిఫ్టు ఎక్కేస్తారు. నన్ను కాదనడానికి నా పక్కన కూర్చునే మనిషి ఈ ఊళ్లో ఇక లేడు.